ఒంటరిగా తల్లి కావాలనుకునేవారికి: వీర్యదాత ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను దాత వీర్యంతో తల్లినయ్యాను. మా పాపకిప్పుడు ఎనిమిదేళ్లు. ఈ దారిలోకి రాబోతున్న ఆడవాళ్లు నన్ను పలకరించిన ప్రతిసారీ దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను, లాయర్ని కాను. వైద్యం విషయంలో మీ డాక్టరు మాట వినండి, చట్టం విషయంలో మీరుండే దేశపు లాయరుని అడగండి. అన్నీ వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## వెతకడం మొదలుపెట్టక ముందు

దాతను వెతకడం ముందా, నా టెస్టులు ముందా?

మీ టెస్టులే ముందు. అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్, స్కానింగ్, ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే పరీక్ష, థైరాయిడ్, రుబెల్లా, బ్లడ్ గ్రూప్, సీఎంవీ అనే వైరస్ పరీక్ష, జన్యు క్యారియర్ టెస్టు (బిడ్డకు అందగల జన్యు లోపం మనలో దాగి ఉందేమో చూసేది): ఇవన్నీ దాత ఎంపికను మార్చేస్తాయి. ట్యూబులు మూసుకుపోయి ఉంటే ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) వల్ల లాభం లేదు, ఐవీఎఫ్‌కి (అండాన్ని బయట ల్యాబ్‌లో ఫలదీకరించడం) వెళ్లాలి. అప్పుడు కొనాల్సిన వయల్ (ఫ్రీజ్ చేసిన వీర్యం ఉండే చిన్న సీసా) రకం, సంఖ్య రెండూ మారతాయి.

నేను తలకిందులుగా చేశాను. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని ఒకరిని ఎంచుకున్నాక నా క్యారియర్ రిపోర్టు వచ్చింది. ఒకే జబ్బుకు సంబంధించిన మార్పు నాలోనూ ఉంది, అతనిలోనూ ఉంది. మళ్లీ మొదటికొచ్చాను. ముఖం కూడా చూడని మనిషి ప్రొఫైల్ మూసేస్తూ ఆ రోజు ఏడ్చాను. మీకు ఆ ఏడుపు అక్కర్లేదు, ముందు రక్తం ఇచ్చి రండి.

నాకు 38 ఏళ్లు. తీరిగ్గా ఎంచుకునే టైమ్ ఉందా?

తీరిగ్గా అంటే కొన్ని వారాలు అనుకోండి, ఏడాది కాదు. గర్భం నిలవడంలో దాత కన్నా మీ వయసు పాత్రే ఎక్కువ. ముప్ఫై అయిదు దాటాక అండాల సంఖ్య, నాణ్యత వేగంగా తగ్గుతాయి. దాత వీర్యంతో ఐయూఐ చేయించుకుంటే 35 లోపు వాళ్లకు ఒక్కో సైకిల్‌లో (నెలసరి చక్రంలో) గర్భం వచ్చే అవకాశం సుమారు 10 నుంచి 20 శాతం. నలభై దాటాక అది బాగా పడిపోతుంది. సరైన దాత దొరకలేదని ఆరు నెలలు ఆగితే పోయేది ఆరు సైకిళ్లు. క్యాలెండర్ మీద ఒక తేదీ రాసుకోండి, ఆ రోజుకి తేల్చేయండి. వెంటనే ప్రయత్నించడం కుదరకపోతే ఈలోగా అండాలు ఫ్రీజ్ చేయించుకోవడం గురించి డాక్టరుతో మాట్లాడండి.

పెళ్లికాని ఆడవాళ్లకు చట్టం ఒప్పుకుంటుందా?

దేశాన్ని బట్టి. బ్రిటన్, డెన్మార్క్‌లలో ఒంటరి మహిళలు చాలాకాలంగా ఈ వైద్యం పొందుతున్నారు. ఫ్రాన్స్ 2021లో చట్టం మార్చి అవకాశం ఇచ్చింది. భారతదేశంలో 2021 నాటి ఏఆర్‌టీ (సంతాన సాఫల్య వైద్య) చట్టం 21 నుంచి 50 ఏళ్ల మధ్య మహిళలకు అనుమతిస్తుంది, పెళ్లి తప్పనిసరి కాదు. ఇటలీలో మాత్రం జంటలకే. చట్టం ఒప్పుకున్నచోట కూడా ఒంటరివాళ్లను తీసుకోని క్లినిక్‌లు ఉంటాయి. మొదటి ఫోన్‌లోనే అడిగేయండి. జనన ధ్రువపత్రంలో తండ్రి గడి ఖాళీగా ఉంచొచ్చా, దాతకు బిడ్డ మీద ఏదైనా హక్కు మిగులుతుందా అన్న రెండు విషయాలు లాయరు చేత చెప్పించుకోండి.

## ఎలాంటి దాత?

పేరు తెలియని దాత మంచిదా, తర్వాత తెలిసే దాత మంచిదా?

వీర్య బ్యాంకుల్లో దాతలు ప్రధానంగా రెండు రకాలు. ఒకరి వివరాలు ఎప్పటికీ ఇవ్వరు. ఇంకొకరు, బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక అడిగితే తన పేరు, వివరాలు ఇవ్వడానికి ముందే ఒప్పుకుని ఉంటారు. కొన్ని దేశాల్లో ఈ ఎంపిక మీ చేతుల్లో ఉండదు. స్వీడన్ 1985లోనే అజ్ఞాత దానాన్ని ఎత్తేసింది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ 1 తర్వాత నమోదైన దాతల వివరాలు పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు తెలుసుకోవచ్చు. జర్మనీ 2018లో ఇందుకోసం ప్రత్యేక రిజిస్టర్ పెట్టింది. స్పెయిన్‌లో, భారత్‌లో దాత పేరు చెప్పరు. డెన్మార్క్‌లో రెండు రకాలూ దొరుకుతాయి.

మీకు అవకాశం ఉంటే తెలిసే దాతనే ఎంచుకోమంటాను. ఇది నా గట్టి అభిప్రాయం. ఎవరో తెలియకపోతేనే మనకు భద్రత అని మొదట్లో అందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఈ ఒప్పందంలో బ్యాంకు సంతకం పెడుతుంది, దాత పెడతాడు, మనం పెడతాం. బిడ్డ పెట్టదు. పెద్దయ్యాక ఆ బిడ్డకు ఆసక్తి లేకపోతే అడగదు, అంతే. ఉంటే అడగడానికి ఒక దారి ఉండాలి. పైగా ఇంట్లో కూర్చుని లాలాజలం పంపితే చాలు, బంధువుల జాబితా ఇచ్చే డీఎన్ఏ టెస్టులు వచ్చాక ఎప్పటికీ తెలియదు అన్న హామీకి విలువ తగ్గిపోయింది. దాత చేయించుకోకపోయినా అతని పిన్ని కూతురు చేయించుకుంటే చాలు, ఆచూకీ దొరుకుతుంది.

నా స్నేహితుడు ఇస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు, కానీ క్లినిక్ ద్వారానే. దీని వల్ల లాభం పెద్దదే: బిడ్డకు మనిషి తెలుస్తాడు, కుటుంబ ఆరోగ్యం గురించి ఎప్పుడైనా అడగొచ్చు, ఎక్కడా వందమంది తోబుట్టువులు ఉండరు. చిక్కు కూడా అక్కడే, మనిషి ఎదురుగా ఉంటాడు.

మొదటిది చట్టం. బ్రిటన్‌లో లైసెన్స్ ఉన్న క్లినిక్‌లో దాతగా నమోదైతే అతను చట్టపరంగా తండ్రి కాడు. అదే ఒంటరి మహిళ ఇంట్లో చేసుకుంటే తండ్రిగా పరిగణించే వీలుంది. అమెరికాలోని కాన్సస్‌లో 2014లో ఒక కోర్టు, డాక్టరు ప్రమేయం లేకుండా ఇంట్లో చేసుకున్నారన్న కారణంతో దాతను చట్టపరమైన తండ్రిగా తేల్చింది. వాళ్ల మధ్య రాతపూర్వక ఒప్పందం ఉన్నా నిలవలేదు. రెండేళ్ల తర్వాత మరో తీర్పులో అతనికి ఊరట దొరికింది గానీ, ఈలోగా అన్నేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు.

రెండోది మాటలు. బిడ్డ అతన్ని ఏమని పిలవాలి? పుట్టినరోజుకి వస్తాడా? అతనికి రేపు పెళ్లయితే ఆ అమ్మాయికి ఎవరు చెప్తారు? వాళ్ల అమ్మానాన్నలకు తెలుస్తుందా, తెలిస్తే మనవరాలు అనుకుంటారా? బిడ్డను చూశాక అతని మనసు మారితే? ఈ ప్రశ్నలు వేయడానికి మొహమాటం అనిపించే స్నేహమైతే అది దానం దాకా వెళ్లాల్సిన స్నేహం కాదు. ఇద్దరూ కలిసి ఒకసారి, విడివిడిగా ఒకసారి కౌన్సెలర్‌ని కలవండి.

మూడోది ఓపిక. వీర్యాన్ని ఫ్రీజ్ చేసి, సాధారణంగా ఆరు నెలలు ఆగి, దాతకు మళ్లీ రక్త పరీక్షలు చేశాకే వాడటం సురక్షితమైన పద్ధతి. హెచ్ఐవీ లాంటివి సోకిన కొత్తలో పరీక్షకు దొరక్కపోవచ్చు. తెలిసిన మనిషే కదా అని ఈ మెట్టు దాటెయ్యొద్దు.

ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లు ఉచితంగా ఇస్తామంటున్నారు. పర్లేదా?

వద్దు. అతను చూపించే రిపోర్టు ఎవరిదో, ఎప్పటిదో మీకు తెలియదు. ఇప్పటికే ఎంతమందికి ఇచ్చాడో తెలియదు. 2023లో నెదర్లాండ్స్ కోర్టు, వివిధ దేశాల్లో కనీసం 550 మంది పిల్లలకు కారణమైన ఒక వ్యక్తిని ఇకపై దానం చేయకూడదని ఆదేశించింది. తల్లులకు అతను ఆ సంఖ్య గురించి అబద్ధం చెప్పాడని కోర్టు తేల్చింది. కొందరు మగవాళ్లు "సహజ పద్ధతిలో అయితేనే" అని పట్టుబడతారు. ఆ మాట వచ్చిన క్షణమే నంబరు బ్లాక్ చెయ్యండి.

## ప్రొఫైల్ చదివేటప్పుడు

ప్రొఫైల్‌లో మొదట ఏం చూడాలి?

కుటుంబ ఆరోగ్య చరిత్ర. ఫొటో కన్నా ముందు, దాత తన గురించి రాసుకున్న వ్యాసం కన్నా ముందు. మూడు తరాలది ఉండాలి: తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాతలు, మేనత్తలు, మేనమామలు. జబ్బు పేరుతో పాటు అది ఏ వయసులో వచ్చిందో చూడండి. తాతకు 78 ఏళ్లకు గుండెపోటు రావడం వేరు, తండ్రికీ బాబాయికీ నలభైలోనే రావడం వేరు. మానసిక ఆరోగ్యం గడి ఖాళీగా ఉంటే బ్యాంకుని అడగండి.

మూడు తరాల్లో ఎవరికీ ఏమీ లేదని రాసినవాళ్లను నేను పక్కన పెట్టాను. ఏ ఇంట్లోనైనా ఒకరికి బీపీ, ఒకరికి షుగరు, ఒకరికి కీళ్ల నొప్పులు ఉంటాయి. అవి రాశారంటే ఇంట్లో అడిగి రాశారని అర్థం. ఆ చరిత్ర ఏ సంవత్సరంలో తీసుకున్నారో, తర్వాత మార్పులు చేర్చారో లేదో కూడా చూడండి. ఇరవై మూడేళ్ల వయసులో దానం చేసినవాడి తల్లిదండ్రులకు అప్పటికి యాభై కూడా నిండి ఉండకపోవచ్చు.

జెనెటిక్ టెస్టులన్నీ క్లియర్ అని రాశారు. ఇక టెన్షన్ పడక్కర్లేదా?

చాలావరకు తగ్గించుకోవచ్చు, పూర్తిగా కాదు. తలసేమియా, సికిల్ సెల్, సిస్టిక్ ఫైబ్రోసిస్, ఎస్ఎంఏ (కండరాలు బలహీనపడే జబ్బు) లాంటి జబ్బుల్లో జన్యువు రెండు ప్రతులూ పాడైతేనే జబ్బు వస్తుంది. ఒక్క ప్రతి పాడైన మనిషి ఆరోగ్యంగానే ఉంటారు, వాళ్లనే క్యారియర్ అంటారు. మీరూ దాతా ఒకే జబ్బుకు క్యారియర్లయితే ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇద్దరూ వేర్వేరు వాటికి క్యారియర్లయితే మామూలుగా సమస్య లేదు. కాబట్టి ఏదో ఒకదానికి క్యారియర్ అన్నంత మాత్రాన దాతను కొట్టెయ్యకండి, మీ రిపోర్టుతో పక్కపక్కన పెట్టి చూడండి. కొన్ని బ్యాంకులు పది జబ్బులకే పరీక్షిస్తాయి, కొన్ని వందలకు. ఎన్నింటికి చేశారో అడిగి ఆ జాబితాను జెనెటిక్ కౌన్సెలర్‌కి చూపించండి.

పరీక్షకు అందనివీ ఉంటాయి. 2025లో యూరప్‌లో ఒక ఉదంతం బయటపడింది. ఒకే దాత వీర్యంతో అనేక దేశాల్లో పుట్టిన పిల్లల్లో కొందరికి టీపీ53 అనే జన్యువులో లోపం వచ్చింది, వాళ్లలో కొందరికి చిన్నతనంలోనే క్యాన్సర్ వచ్చింది. దాతకు ఏ జబ్బూ లేదు. ఆ లోపం అతని వీర్యకణాల్లో కొన్నింటిలోనే ఉంది, అందువల్ల మామూలు పరీక్షల్లో కనబడలేదు. మిమ్మల్ని భయపెట్టాలని ఇది చెప్పడం లేదు, భర్తతో కన్న బిడ్డకైనా ఇలాంటి అవకాశం సున్నా కాదు. కానీ ఒక దాతను ఎన్ని కుటుంబాలకు వాడతారు, కొత్త ఆరోగ్య సమాచారం వస్తే ఎంత త్వరగా చెప్తారు అన్నవి బ్యాంకుని ఎందుకు నిలదీయాలో దీన్నిబట్టి అర్థమవుతుంది.

బ్లడ్ గ్రూప్ కలవాలా?

కలవక్కర్లేదు. మీరు నెగటివ్, దాత పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు. అప్పుడు సుమారు 28వ వారంలో, మళ్లీ కాన్పయ్యాక 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. నెగటివ్ దాత దొరికితే ఆ అవసరం రాదు, కానీ అందుకోసమే మంచి ప్రొఫైల్‌ని వదులుకోవద్దు.

సీఎంవీ నెగటివ్, పాజిటివ్ అని ఉంది. అదేంటి?

సైటోమెగలో వైరస్. పెద్దవాళ్లలో చాలామందికి తెలియకుండానే వచ్చిపోయి ఉంటుంది. గర్భంలో మొదటిసారి సోకితే బిడ్డ వినికిడికి, మెదడుకు హాని జరగొచ్చు. మీరు పాజిటివ్ అయితే ఏ దాతైనా సాధారణంగా ఫర్వాలేదు. మీరు నెగటివ్ అయితే నెగటివ్ దాతనే చూడమని చాలా క్లినిక్‌లు చెప్తాయి.

బాగా చదువుకున్న, పొడుగ్గా, అందంగా ఉన్నవాణ్ణి ఎంచుకుంటే బిడ్డ కూడా అలాగే ఉంటుందా?

హామీ లేదు. ఎత్తు ఒక్కదానికే ప్రభావం చూపే జన్యు తేడాలు పన్నెండు వేలకు పైగా ఉన్నాయని 2022లో శాస్త్రవేత్తలు గుర్తించారు. అందులో ఏవి అతని నుంచి వస్తాయో, ఏవి మీ నుంచి వస్తాయో ఎవరూ చెప్పలేరు. తెలివి, స్వభావం సంగతి ఇంకా చిక్కు. డిగ్రీ అయితే వీర్యంలో ఉండదు, అది ఇల్లు, బడి, అవకాశాల నుంచి వస్తుంది.

చదువు గురించి ఇంకో మాట. ప్రొఫైల్‌లో చాలా వివరాలు దాత తానే చెప్పుకున్నవి. అమెరికాలోని జార్జియాలో ఒక దాత పీహెచ్‌డీ చేస్తున్నానని చెప్పుకున్నాడు. తర్వాత అతనికి తీవ్రమైన మానసిక వ్యాధి ఉందనీ, జైలుకెళ్లాడనీ బయటపడింది. ఆ బ్యాంకుపై కుటుంబం వేసిన కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, వాళ్ల ఆరోపణల్లో కొన్నిటిపై ముందుకెళ్లొచ్చని 2020లో కోర్టు చెప్పింది. మీ బ్యాంకు సర్టిఫికెట్లు చూసిందా, నేర చరిత్ర వాకబు చేసిందా, సైకాలజిస్టు చేత ఇంటర్వ్యూ చేయించిందా అని అడగండి. "దాత చెప్పినదాని ప్రకారం" అని జవాబు వస్తే ఆ వివరానికి అంతే విలువ ఇవ్వండి.

ముఖం మనకు నచ్చాలనుకోవడంలో, మన పోలికకు దగ్గరగా ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఆరోగ్యం, పారదర్శకత చూశాక మిగిలిన నలుగురిలో నచ్చిన ముఖాన్ని నిశ్చింతగా ఎంచుకోండి. నేను ఎంచుకున్నతను, చిన్నప్పుడు నత్తి ఉండేదనీ, ఇప్పటికీ ఫోన్లో మాట్లాడాలంటే తడబడతాననీ రాశాడు. నత్తి కొంత వంశపారంపర్యంగా రావచ్చని తెలిసే ఎంచుకున్నాను. తన లోపం రాసుకున్న మనిషి ఇంట్లోవాళ్ల జబ్బులు కూడా దాచి ఉండడనిపించింది.

ఒకే దాతతో ఎంతమంది పిల్లలు పుట్టి ఉండొచ్చు?

బ్రిటన్‌లో ఒక దాతకు పది కుటుంబాలు, డెన్మార్క్‌లో పన్నెండు. భారత చట్టం ఒక దాత వీర్యాన్ని ఒకరికి మించి ఇవ్వకూడదంటుంది. అమెరికాలో చట్టపరమైన పరిమితి లేదు, ఎనిమిది లక్షల జనాభాకు ఇరవై అయిదు కాన్పులు మించొద్దని వైద్య సంఘం సలహా మాత్రం ఉంది. మోసపోయేది ఎక్కడంటే, దేశపు పరిమితి ఆ దేశానికే వర్తిస్తుంది. బ్రిటన్‌లో పది నిండిన దాతే ఇంకో దేశంలో మరో పదిమందికి వెళ్లొచ్చు. "ప్రపంచం మొత్తం మీద ఎన్ని కుటుంబాలు?" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

## కొనేటప్పుడు

ఐయూఐ వయల్, ఐసీఐ వయల్, ఎంఓటీ 10, ఎంఓటీ 20... ఇవేంటి?

ఐయూఐ వయల్‌లో వీర్యాన్ని శుభ్రం చేసి కణాలను మాత్రమే ఉంచుతారు, నేరుగా గర్భసంచిలో వెయ్యొచ్చు. ఐసీఐ వయల్ శుభ్రం చేయనిది. దాన్ని అలాగే గర్భసంచిలో వేస్తే తీవ్రమైన నొప్పులు రావచ్చు, అందుకే గర్భసంచిలో వేయాలంటే ల్యాబ్‌లో కడిగాకే వాడతారు. ఎంఓటీ పక్కనున్న అంకె, కరిగించాక ఒక మిల్లీలీటరులో చురుగ్గా కదిలే కణాలు ఎన్ని మిలియన్లో చెబుతుంది. ఐయూఐకి ఎక్కువ అంకె నయం. ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కించే ఇక్సీ పద్ధతికి తక్కువైనా సరిపోతుంది. ఆర్డర్ పెట్టేముందు మీ క్లినిక్ ల్యాబ్‌వాళ్లు ఏది అడుగుతున్నారో కనుక్కోండి.

ఎన్ని వయల్స్ కొనాలి?

ఐయూఐ అయితే ఒక్కదానితో ఆగొద్దు, మొదటిసారే గర్భం రాని వాళ్లే ఎక్కువ. మూడు, నాలుగు సైకిళ్లకు సరిపడా తీసుకోవడం మామూలు. అదే దాతతో రెండో బిడ్డ కావాలనిపిస్తే ఇప్పుడే విడిగా దాచిపెట్టించండి. దాత మానేశాక స్టాక్ అయిపోతే మళ్లీ దొరకదు. వాడనివి బ్యాంకు వెనక్కి తీసుకుంటుందా, నిల్వ రుసుము ఏటా ఎంత అన్నవి ముందే అడగండి.

వయల్ అయిదేళ్ల కిందటిది. పాడైపోయి ఉండదా?

ఉండదు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో కణాల వయసు ఆగిపోయినట్టే. ఇరవై ఏళ్లకు పైగా దాచిన వీర్యంతో ఆరోగ్యంగా పుట్టిన పిల్లలున్నారు.

డబ్బు సిద్ధం చేసుకునేలోపు నేను అనుకున్న దాత అయిపోయాడు. మనసు విరిగిపోయింది.

ఇది చిన్న బాధ కాదు, ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే వినకండి. ఆ ప్రొఫైల్ చదివిన రాత్రుల్లో మీరు బిడ్డను ఊహించుకున్నారు, పోయింది ఆ ఊహ. రెండు రోజులు ఆగండి. తర్వాత ముగ్గురి పేర్లు వరస పెట్టుకుని వెతకండి. వెయిటింగ్ లిస్టు ఉందేమో బ్యాంకుని అడగండి. ముందు కొన్న కుటుంబాలు వాడనివి తిరిగిచ్చినప్పుడు కొన్నిసార్లు దొరుకుతాయి.

ఎంత వెతికినా ఎవరూ సరైనవాళ్లు అనిపించడం లేదు. నాకు నిజంగా బిడ్డ ఇష్టం లేదా?

చాలాసార్లు అడ్డుపడేది వేరే. ప్రేమించినవాడితో బిడ్డను కనాలన్న పాత కోరిక ఇంకా పోయి ఉండదు, ఏ ప్రొఫైల్ తెరిచినా ఆ మనిషితో పోల్చి చూస్తాం. దానికి దాత జాబితాలో మందు లేదు. కౌన్సెలర్‌తోనో, దగ్గరి స్నేహితురాలితోనో ఆ సంగతి మాట్లాడండి. నేను మాట్లాడాక ఎంపిక నాలుగు రోజుల్లో తెమిలింది.

## బిడ్డ వచ్చాక

బిడ్డకు ఎప్పుడు చెప్పాలి?

మొదటి నుంచీ. ఒళ్లో పడుకున్న పసిబిడ్డకు చెప్పడం మొదలుపెడితే మీకూ మాటలు అలవాటవుతాయి. కేంబ్రిడ్జ్‌కి చెందిన సూసన్ గోలంబాక్ బృందం ఇలా ఏర్పడిన కుటుంబాలను పిల్లల పసితనం నుంచి ఇరవై ఏళ్లు వచ్చేదాకా గమనించింది. ఏడేళ్లలోపే తెలిసిన పిల్లలకు తల్లితో సంబంధం మెరుగ్గా ఉన్నట్టు 2023లో ప్రచురించింది. "అమ్మకు నువ్వు కావాలనిపించింది. బిడ్డ రావాలంటే ఒక మగమనిషి దగ్గర్నుంచి విత్తనం కావాలి. ఒక దాత ఇచ్చాడు" అని నేను చెప్పేదాన్ని. నాన్న అనొద్దు, దాత అనండి. నాన్న అంటే రోజూ ఇంటికొచ్చే మనిషని పిల్లలకు తెలుసు, ఎందుకు రావడం లేదని ఎదురుచూస్తారు.

అదే దాతతో పుట్టిన పిల్లల్ని కలవొచ్చా?

కొన్ని బ్యాంకులు, కొన్ని ప్రభుత్వాలు ఇందుకు ఏర్పాటు చేశాయి. అమెరికాలో 2000లో ఒక తల్లీ కొడుకూ మొదలుపెట్టిన డోనర్ సిబ్లింగ్ రిజిస్ట్రీలో దాత నంబరు ఆధారంగా కుటుంబాలు ఒకరినొకరు వెతుక్కుంటాయి. కలుస్తామా లేదా అన్నది తర్వాత, బిడ్డ ఇష్టాన్ని బట్టి. నంబరు మాత్రం పోగొట్టుకోకండి.

ఏ కాగితాలు దాచాలి?

దాత నంబరు, పూర్తి ప్రొఫైల్, ఆరోగ్య చరిత్ర, జన్యు రిపోర్టు, బిల్లులు, క్లినిక్‌తో చేసుకున్న అంగీకార పత్రాలు, ఫొటోలు, గొంతు రికార్డింగ్ ఉంటే అది కూడా. కొన్నరోజే డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీయించండి. దాత మానేశాక బ్యాంకులు ప్రొఫైల్ తీసేయొచ్చు, బ్యాంకే మూతపడొచ్చు. కాన్పయ్యాక బిడ్డ పుట్టిందని బ్యాంకుకి తెలియజేయండి, కుటుంబాల లెక్క నిజం కావాలంటే తల్లులందరూ చెప్పాలి. బిడ్డకు ఏదైనా పెద్ద జబ్బు వస్తే అది కూడా చెప్పండి. మీ ఈమెయిల్, ఫోను మారినప్పుడల్లా వాళ్ల దగ్గర మార్పించండి, అటునుంచి కబురు వస్తే మీకు అందాలి. మా ఫైలు నీలం రంగుది, పాప అందుకోగలిగే అరలోనే ఉంటుంది. కిందటి ఏడాది నత్తి గురించి రాసిన పేజీ తనే కూడబలుక్కుని చదివి, ఇప్పుడు పోయిందా అని అడిగింది. తెలియదన్నాను. పద్దెనిమిదేళ్లు నిండాక తానే అడుగుతానని ఆ పేజీలో చిన్న కాగితం పెట్టుకుంది.